చేదునీటిలోని లోహము: హెర్బర్ట్ డౌ మహాశయుని జీవితము

విద్యార్థులారా! గడచిన సంవత్సరము మనమందఱము మహాబలిపురమునకు విహారయాత్ర పోవుచు, త్రోవలో కేళంబాక్కము కడ బస్సు నాపి ఉప్పుమడులను చూచిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. అచ్చట మడిలోని ఉప్పును కఱ్ఱపలకతో లాగి గట్టునకు చేర్చుచున్న యొక వృద్ధ కార్మికుడు, ఉప్పు పండిన పిదప మడుగున మిగిలిన చిక్కని నీటిని మనకు చూపి, రుచి చూడుడని చేతితో సైగ చేసెను. ఎనిమిదవ తరగతి బాలుడొకడు వ్రేలికొనతో ఆ నీటిని నాలుకకు తాకించుకొని, మొగము చిట్లించి ఉమిసివైచెను. ఆ నీరు ఉప్పగా లేదు, చేదుగా నున్నది. దాని నేమి చేయుదురని మేమడుగగా, అది యెందులకును పనికిరాదనియు, కాలువలోనికి వదలివేయుదుమనియు ఆ వృద్ధుడు చెప్పెను.

మఱునాడు ఆ బాలుడు మాయొద్దకు వచ్చి, ఆ చేదు ఎక్కడినుండి వచ్చినదని ప్రశ్నించెను. మేము తెలుగు బోధించువారమే గాని రసాయన శాస్త్రము బోధించువారము కాము. తెలియనిదానికి తెలిసినట్లు బదులు చెప్పుట గురువునకు తగదు. కావున విజ్ఞాన శాస్త్రోపాధ్యాయుల నాశ్రయించి, వారిచ్చిన పుస్తకములను వేసవి సెలవులలో చదివితిమి. ఆ పఠనమున మాకొక మహాశయుని పరిచయము కలిగెను. ఆయనయు విద్యార్థిగా నున్న కాలముననే యొక చేదునీటిని రుచి చూచెను. అయితే ఉమిసివైచి ఊరకుండక, ఆ నీటిని సీసాలో పట్టుకొని పోయి, తన జీవితమంతయు దాని వెంట నడచెను. ఆయన పేరు హెర్బర్ట్ హెన్రీ డౌ. లవణజలమునుండి మెగ్నీషియం అను లోహమును పెద్దయెత్తున తయారు చేయు కర్మాగారమును నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన చరిత్రమును మీకు తెలుపుటకే యీ వ్యాసము.

ముందుగా మెగ్నీషియం అననేమో తెలిసికొనుట మంచిది. వెండివలె తెల్లగా మెఱయు నీ లోహము మిక్కిలి తేలికయైనది. ఒకే పరిమాణము గల ముక్కలను తూచి చూచినచో, అల్యూమినియం దీనికి ఒకటిన్నర రెట్లును, ఇనుము నాలుగున్నర రెట్లును బరువు తూగును. 1808వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందు హంఫ్రీ డేవీ పండితుడు విద్యుచ్ఛక్తి సాయముతో దీనిని మొదటిసారి వేఱుచేసెను. ఇది ప్రకృతిలో ఒంటరిగా దొరకదు. ఎల్లప్పుడు ఇతర ధాతువులతో కూడియే యుండును. ఒక లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండగా, అందు మెగ్నీషియం పాలు ఇంచుమించు ఒకటింబాతిక గ్రాము. ఎండకు నీరు ఇగిరిపోవునపుడు మనము తినెడి ఉప్పు ముందుగా గడ్డకట్టును. మెగ్నీషియం లవణములు త్వరగా గడ్డకట్టక అడుగునీటిలో నిలిచిపోవును. మన బాలుని నాలుకకు తగిలిన చేదు వానిదే.

ఇక కథానాయకుని విషయమునకు వత్తము. హెర్బర్ట్ డౌ 1866వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన కెనడా దేశములోని బెల్‌విల్ పట్టణమున జన్మించెను. తలిదండ్రులు అమెరికా దేశీయులు. బిడ్డ పుట్టిన కొలది వారములకే వారు స్వదేశమునకు మరలి, కొంతకాలము కనెక్టికట్ రాష్ట్రమునందు నివసించి, 1878లో ఒహాయో రాష్ట్రములోని క్లీవ్‌లాండు నగరమున స్థిరపడిరి. తండ్రియైన జోసెఫ్ డౌ యంత్రముల పని యెఱిగిన నేర్పరి. క్రొత్త పరికరములను కల్పించుట ఆయనకు వ్యసనము. కలిమి లేదు గాని, ఆ యింట పనిముట్లకును ప్రశ్నలకును కొదువ లేదు. బాలుడైన హెర్బర్ట్ తండ్రిచెంత కూర్చుండి, కోడిగ్రుడ్లను పొదుగు నొక పెట్టెను తయారు చేయుటయందు తోడ్పడెను. గ్రుడ్లకు వేడి యెక్కువైనను తగ్గినను పిల్లలు దక్కవు. కావున వేడిమిని ఒక్క తీరున నిలుపు ఉపాయమును సాధించువఱకు మాటిమాటికి ప్రయత్నించవలసి వచ్చెను. ఒక ప్రయత్నము చెడినచో దానినుండి రెండవదానికి కావలసిన పాఠమును తీసికొనుట ఆయనకు ఆనాడే అలవడెను.

1884లో ఆయన క్లీవ్‌లాండులోని కేస్ విద్యాలయమున చేరి, 1888లో పట్టభద్రుడయ్యెను. ఆ దినములలో ఒహాయో రాష్ట్రమునందు నేలనూనె కొఱకును సహజవాయువు కొఱకును బావులు త్రవ్వుచుండిరి. నూనె పడవలసిన చోట తఱచుగా ఉప్పునీరు పడుచుండెను. నూనెబావుల వారికి ఆ నీరు శత్రువువంటిది. అట్టి బావియొకదానికడ కార్మికుడొకడు ఆ విద్యార్థిని రుచి చూడుమనగా, డౌ నాలుకకు ఉప్పదనముతోపాటు చేదును తగిలెను. ఉప్పులో చేదెందుకుండవలెనని ఆయనకు సందేహము కలిగెను. నీటిని విద్యాలయమునకు కొనిపోయి పరీక్షింపగా, అందు బ్రోమిన్, లిథియం అను ధాతువులున్నట్లు తేలెను. తరువాత ఆయన చుట్టుప్రక్కల రాష్ట్రముల బావులనుండి నీటిని తెప్పించి, ఒక్కొక్కదానిని పరీక్షించుచు పోయెను. మిషిగన్ రాష్ట్రమునందలి మిడ్‌లాండు అను చిన్న గ్రామముక్రింద నున్న భూగర్భ లవణజలము మిక్కిలి సారవంతమైనదని ఆయన గుర్తించెను. అందు ఉప్పు మాత్రమే గాక బ్రోమిన్, కాల్షియం, మెగ్నీషియములును పుష్కలముగా నుండెను.

బ్రోమిన్ ఆ కాలమున మందులకును ఛాయాచిత్రముల ఫలకములకును అవసరమైన సరకు. దానిని తీయు పాత పద్ధతి యేమనగా, ఉప్పునీటిని పెద్ద తొట్లలో పోసి, కట్టెలు మండించి కాచి, ఉప్పును గట్టిపఱచి తీసివేసి, మిగిలిన నీటినుండి బ్రోమిన్‌ను వేఱుచేయుట. అడవులున్నంతకాలము, ఱంపపు మిల్లులలో వృథా చెక్క దొరకినంతకాలము అది సాగును. కట్టె కఱవైనచో పని ఆగిపోవును. డౌ వేఱొక మార్గము నాలోచించెను. నీటిని కాచనేల? నీటిలో బ్రోమిన్‌ను రసాయనక్రియచేతనో విద్యుత్ప్రవాహముచేతనో విడుదల చేసి, ఆ నీటిగుండ గాలిని ఊదినచో, గాలియే దానిని మోసికొని పోవును గదా! ఈ యూహ వినుటకు సులభముగా నున్నది. కాని దానిని ఆచరణలో పెట్టుటకు ఆయనకు పట్టిన కాలమును, పోయిన ధనమును తలచుకొన్నచో గుండె జల్లుమనును.

ఆయన క్లీవ్‌లాండులోని యొక వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించుచు, తీరిక వేళల ప్రయోగములు సాగించెను. 1889లో ఒహాయోలోని కాంటన్ పట్టణమున చిన్న సంస్థ నొకదానిని స్థాపించెను. పద్ధతి ఫలించెను గాని పెట్టుబడి చాలలేదు. ఏడాది తిరుగకముందే ఆ సంస్థ మూతపడెను. అప్పుడాయనకు ఇరువదినాలుగేండ్లు.

1890వ సంవత్సరము ఆగష్టు మాసమున ఆయన మిడ్‌లాండునకు పోయెను. అచ్చట ఉప్పునీటి బావియున్న యొక పాత పిండిమరను అద్దెకు తీసికొని, దొరకిన సామగ్రితోనే యంత్రములను కూర్చుకొనెను. కొత్త సామాను కొనుటకు డబ్బు లేదు. రాత్రియనక పగలనక ఒంటరిగా పనిచేయుచున్న యీ యువకుని జూచి ఊరివారు వెఱ్ఱి డౌ అని పేరు పెట్టిరి. ఉప్పునీటిలో కరెంటు పాఱించి మందు తీయుదునని చెప్పువానికి అంతకన్న మంచి పేరు ఆ కాలమున ఎవరిత్తురు? 1891వ సంవత్సరము జనవరి మాసమున విద్యుచ్ఛక్తి సాయముతో బ్రోమిన్‌ను విడదీయుటలో ఆయన కృతార్థుడయ్యెను. మరుసటి యేడు ఆ యూరి బడిలో ఉపాధ్యాయురాలుగా నున్న గ్రేస్ బాల్ అను నామెను వివాహమాడెను. వెఱ్ఱివాడని పేరు పడినవానియందు విశ్వాసముంచిన యామె, తరువాతి కష్టములన్నిటిలోను ఆయనకు తోడై నిలిచెను.

అయినను కష్టములు తీరలేదు. సంస్థకు ధనము పెట్టినవారికి బ్రోమిన్ వలన వచ్చు లాభము చాలియుండెను. డౌ దృష్టి మిగిలిన నీటిపై నుండెను. బ్రోమిన్ తీసిన తరువాత కాలువలోనికి పోవు నీటిలో క్లోరిన్ కలదు. అది బట్టలను, కాగితమును తెల్లబఱచు పొడికి ఆధారము. దానిని తీయక విడిచిపెట్టుట ఆయనకు దుర్భరముగా దోచెను. క్లోరిన్ ప్రయోగములలో ప్రమాదము సంభవించి యంత్రాగారము ప్రేలిపోగా, ధనము పెట్టినవారు ఇక చాలునని గట్టిగా వారించిరి. తాను పుట్టించిన సంస్థలోనే ఆయన మాటకు చెల్లుబడి లేకుండ పోయెను. డౌ ఊరు విడిచి మఱల ఒహాయోకు పోయి, 1895లో నావార్ అను చోట ప్రయోగములను క్రొత్తగా నారంభించెను. అవి కుదిరిన పిదప మిడ్‌లాండునకు తిరిగి వచ్చెను. 1897వ సంవత్సరము మే 18వ తేదీన డౌ కెమికల్ కంపెనీ ఏర్పడెను. మూడేండ్లు గడచునప్పటికి, ఆయనను కాదన్న పాత సంస్థయే యీ క్రొత్త సంస్థలో లీనమయ్యెను.

ఇచ్చట మీరొక సంగతి గమనింపవలెను. తనకు అడ్డుపడినవారిని దూషించుచు కాలము గడపుట ఆయన నైజము కాదు. తన లెక్క సరియైనదో కాదో మఱొకసారి చూచుకొని, సరియైనచో వేఱొకచోట దానిని నిరూపించుట ఆయన పద్ధతి.

అనంతరము ఆయనకు జర్మనీ దేశపు వర్తకులతో పెద్ద పోరు వచ్చెను. ఆ కాలమున ప్రపంచమునందలి బ్రోమిన్ వ్యాపారము చాలవఱకు జర్మను ఉత్పత్తిదారుల సంఘమొకదాని చేతిలో నుండెను. వారు పౌను 49 సెంట్ల ధరకు అమ్ముచుండగా, డౌ 36 సెంట్లకే అమ్మజూపి, 1904 ప్రాంతమున ఇంగ్లండునకు సరకు పంపసాగెను. అమెరికా వెలుపల అమ్మరాదని జర్మనులు హెచ్చరించిరి. డౌ లెక్కచేయలేదు. అంతట వారు ఆయనను రూపుమాపుటకై, తమ సరకును అమెరికాలో పౌను 15 సెంట్లకే కుమ్మరించిరి. ఆ ధర తయారీ ఖర్చునకును చాలదు. మిడ్‌లాండు సంస్థ పని అయిపోయినదని అందఱు తలచిరి. డౌ ఏమి చేసెనో వినుడు. తన సరకును అమెరికా బజారులో అమ్ముట మాని, జర్మనులమ్ముచున్న చౌక సరకునే గుట్టుచప్పుడు కాకుండ కొనిపించి, కొత్త మూటలు కట్టి, జర్మనీకే పంపి అచ్చట 27 సెంట్లకు అమ్మించెను! తమ సరకే తమ దేశమునకు తిరిగివచ్చి తమ ధరను పడగొట్టుచున్నదని వారు గ్రహించుటకు చాలకాలము పట్టెను. నాలుగేండ్ల పోరాటము తరువాత వారు రాజీకి వచ్చిరి.

1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమయ్యెను. బ్రిటిషువారి నౌకలు సముద్రమార్గములను అడ్డగింపగా, జర్మనీనుండి రావలసిన రంగులు, మందులు, లోహములు అమెరికాకు రాకుండెను. అందు నీలిరంగు ఒకటి. నీలితో మన ప్రాంతమునకు గల సంబంధము మీకు తెలియవలెను. ఒకప్పుడు కడప, నెల్లూరు, దక్షిణ ఆర్కాటు జిల్లాల పొలములలో నీలిమొక్కను పండించెడివారు. ఆ నీలి మన చెన్నపురి రేవునుండి ఓడలెక్కి విదేశములకు పోయెడిది. 1897లో జర్మనులు కర్మాగారములో తయారైన కృత్రిమ నీలిని బజారులోనికి తెచ్చిన తరువాత మన రైతుల నీలితొట్లు ఎండిపోయెను. ఆ జర్మను కృత్రిమ నీలియును యుద్ధమువలన అందకపోగా, 1916లో డౌ సంస్థ అమెరికాలో దానిని తయారుచేసెను. ఒకరి ప్రయోగశాలలో జరిగిన పని సముద్రములు దాటి మఱొకరి పొలమును బీడు చేయగలదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి?

ఆ 1916వ సంవత్సరమే మెగ్నీషియం కథకు ఆరంభము. ఈ లోహమునందును అంతవఱకు జర్మనీదే పైచేయి. యుద్ధరంగమున వెలుగు గోళములకు మెగ్నీషియం పొడి కావలెను. సరఫరా ఆగిపోవుటచే 1915లో పౌను ధర 5 డాలర్ల వఱకు పెరిగెను. డౌ తన నీటివంక చూచెను. ఉప్పు తీసియుండెను, బ్రోమిన్ తీసియుండెను, కాల్షియం క్లోరైడును తీయుచుండెను. ఇవన్నియు పోగా మిగిలినది మెగ్నీషియం క్లోరైడు. దానిని పూర్తిగా ఎండబెట్టి, ఇనుప పాత్రలో కరగించి, సుమారు 700 డిగ్రీల వేడిలో దానిగుండ విద్యుత్తును ప్రసరింపజేసినచో, ఒకవైపు క్లోరిన్ వాయువు వెలువడును. మఱొకవైపు మెగ్నీషియం లోహము కరగిన రూపమున పుట్టి, తేలికయగుటచే మీగడవలె పైకి తేలును. దానిని గరిటెలతో తీసి అచ్చులలో పోయుదురు. చెప్పుట కింతే. కాని చెమ్మ ఏమాత్రము మిగిలినను లోహము చెడును. గాలి సోకినచో అంటుకొనును. ఇన్ని చిక్కులను దాటి, ఆ యేడు మిడ్‌లాండులో మొదటి మెగ్నీషియం దిమ్మలను పోతపోసిరి.

యుద్ధకాలమున అమెరికాలో ఎనిమిది సంస్థలు మెగ్నీషియం తయారీకి పూనుకొనెను. 1918లో యుద్ధము ముగిసిన వెంటనే గిరాకి పడిపోయెను. ఒక్కొక్క సంస్థయే దుకాణము కట్టివేసెను. 1927 తరువాత డౌ సంస్థ యొక్కటే ఆ దేశమున మిగిలెను. కొనువారు లేని లోహమును ఇన్నేండ్లు ఎందుకు తయారు చేయవలెనని సంస్థలోనివారే సందేహించియుందురు. డౌ నమ్మకము వేఱు. తేలికయైన లోహమునకు నడచు యంత్రములలో, ఎగురు యంత్రములలో తప్పక చోటు దొరకునని ఆయన యెంచెను. మెగ్నీషియమునకు ఇతర లోహములను కలిపి గట్టిపఱచి, డౌమెటల్ అను పేర మోటారు బండ్ల యంత్రభాగములను చేయించెను. ధరను సంవత్సరము వెంట సంవత్సరము తగ్గించుచు వచ్చెను. అయినను ఆయన జీవించియుండగా ఆ లోహమునకు గొప్ప కాలము రాలేదు. చెట్టు నాటినవాడు పండు తినకపోవుట లోకమున క్రొత్త గాదు.

చెట్టు అనగా జ్ఞాపకము వచ్చినది. ఈ రసాయనవేత్తకు తోటపని యనిన ప్రాణము. 1899లో తన యింటి చుట్టునున్న యిసుకనేలలో మొక్కలు పెట్ట నారంభించి, క్రమముగా పెద్ద ఉద్యానవనమును పెంచెను. ఆపిలు తోటలను వేసెను. అడవులు నరికివేసిన తరువాత వెలవెలబోయిన ఆ యూరివారు తమ పెరడులను పచ్చగా నుంచుకొనవలెనని ఆయన కోరిక. ఆ వనము నేటికిని డౌ తోటలన్న పేర మిడ్‌లాండులో ప్రజలకు తెఱచియున్నది. ఆయన పొందిన పేటెంటులు తొంబదికి పైబడినవి. 1930వ సంవత్సరమున రసాయన పరిశ్రమకు సేవ చేసినవారికిచ్చు పెర్కిన్ పతకము ఆయనకు లభించెను. ఆ యేడే అక్టోబరు 15వ తేదీన, తన యఱువదినాలుగవ యేట, మిన్నెసోటా రాష్ట్రములోని రాచెస్టరు నగరమున ఆయన కన్నుమూసెను.

తండ్రి తరువాత కుమారుడు విల్లర్డ్ డౌ సంస్థను నడపెను. భూగర్భజలమునుండి పోయి పోయి సముద్రజలమునకే చేరవలెనన్నది తరువాతి మెట్టు. 1934లో ఉత్తర కరొలైనా తీరమున సముద్రజలమునుండి బ్రోమిన్ తీయు కర్మాగారము పనిచేయ నారంభించెను. తరువాత టెక్సాస్ రాష్ట్రమునందలి ఫ్రీపోర్టు తీరమున మెగ్నీషియం కర్మాగారమును కట్టిరి. అచ్చట సముద్రజలమునకు ఆల్చిప్పలను కాల్చి చేసిన సున్నమును కలిపిరి. సున్నము కలియగానే మెగ్నీషియం తెల్లని మడ్డివలె అడుగునకు దిగును. ఆ మడ్డిని వడకట్టి, హైడ్రోక్లోరిక్ ఆమ్లముతో కలిపి మెగ్నీషియం క్లోరైడుగా మార్చి, ఎండబెట్టి, కరగించి, విద్యుత్తును ప్రసరింపజేసిరి. బయటికి వచ్చిన క్లోరిన్‌ను వృథాగా పోనీయక మఱల ఆమ్లము చేయుటకే వినియోగించిరి. 1941వ సంవత్సరము జనవరి 21వ తేదీన సముద్రజలమునుండి మొదటి మెగ్నీషియం దిమ్మ వెలువడెను. ఒక టన్ను లోహమునకు ఇంచుమించు 800 టన్నుల సముద్రజలము కావలసి వచ్చెను. మానవుడు సముద్రమునుండి లోహమును పెద్దయెత్తున తీయుట అదియే మొదలు. ఆ కర్మాగారము 1998 వఱకు నడచెను.

చరిత్రమును చెప్పువారు వెలుగును మాత్రమే చెప్పి చీకటిని దాచరాదు. తేలికయైన ఆ లోహము రెండవ ప్రపంచయుద్ధమున విమానములకు అంగములయ్యెను. ఆ యుద్ధముననే నగరములను దగ్ధము చేసిన అగ్నిబాంబులలో ఇంధనమును అయ్యెను. డౌ గతించిన చాలకాలమునకు ఆయన పేరుగల సంస్థ వియత్నాం యుద్ధమున వాడిన నాపాం మంటమందును, చెట్ల యాకులు రాల్చు విషరసాయనమును తయారుచేసి లోకనిందకు గురియయ్యెను. 1984లో భోపాలు దుర్ఘటన జరిగిన కర్మాగారమునకు సంబంధించిన యూనియన్ కార్బైడు సంస్థను 2001లో ఆ సంస్థ కొనెను. ఆ నగర బాధితుల దుఃఖమును దాని పేరుతో కలిపి మన దేశమున నేటికిని తలచుచుందురు. ఈ పనులను 1930లో మరణించినవానికి అంటగట్టుట న్యాయము కాదు. అయితే ప్రయోగశాలనుండి వెలువడిన వస్తువు ఎవరి చేతికి పోవునో, ఏ పనికి వినియోగపడునో విచారించు బాధ్యత శాస్త్రము నేర్చువారికి లేదనుటయు న్యాయము కాదు. మీలో రేపు ఇంజనీరులు కాబోవువారు ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను.

ఇక మన చెన్నపురికి తిరిగి వత్తము. ఈ నగరమునకు ఉప్పుతో గల బాంధవ్యము ప్రాచీనమైనది. సెంట్రల్ స్టేషనుకు సమీపమున సాల్ట్ కొటార్స్ అను రైల్వే గూడ్సు స్థలము కలదు గదా! మన తెలుగుతీరమున ఉప్పు పండించి నిలువచేయు తావులను ఉప్పు కొఠారులందురు. రెండు మాటలును చుట్టములే; కోష్ఠాగారమను సంస్కృతపదమునకు సంతానమే. బకింగ్‌హాం కాలువలో పడవలు నడచిన దినములలో తెలుగుసీమనుండి సరకులు ఆ త్రోవనే ఈ నగరమునకు చేరెడివి. మనలో కొందఱి పూర్వులును ఆ పడవలలో వచ్చినవారే.

విద్యుచ్ఛక్తితో రసాయనములను సాధించు విద్యకు మన దక్షిణదేశమున గొప్ప పీఠము కలదు. అళగప్ప చెట్టియారు అను వదాన్యుడు 300 ఎకరముల భూమిని, 15 లక్షల రూపాయలను దానముగా నీయగా, కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థకు 1948వ సంవత్సరము జూలై 25వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు ఉపరాష్ట్రపతిగా నున్నపుడు 1953వ సంవత్సరము జనవరి 14వ తేదీన దానిని ప్రారంభించెను. మెగ్నీషియమును కరగిన లవణమునుండి తీయు విధానములపై ఆ సంస్థలో చిరకాలము పరిశోధనలు జరిగినవి. కావున ఈ విద్య మనకు పరాయిది కాదు.

మఱొక లెక్క చూడుడు. మన విహారయాత్రలో ఉప్పుమడులను దాటి కొంతదూరము పోయిన తరువాత నెమ్మేలి అను గ్రామము వచ్చెను. అచ్చట సముద్రజలమును మంచినీరుగా మార్చు కర్మాగారము 2013లో ప్రారంభమయ్యెను. దినమునకు పదికోట్ల లీటర్ల మంచినీరు తీయగల శక్తితో దానిని నిర్మించిరి. 2024లో దాని ప్రక్కనే పదునైదు కోట్ల లీటర్ల శక్తిగల మఱొకటి తోడయ్యెను. పదికోట్ల లీటర్ల మంచినీటికి అంతకు రెట్టింపు కన్న మించిన సముద్రజలమును లోనికి తీసికొనవలెను. ఇరువదికోట్ల లీటర్లనే లెక్కించినను, లీటరునకు ఒకటింబాతిక గ్రాము చొప్పున, అందు 250 టన్నుల మెగ్నీషియం ఉండును. మంచినీరు మన కుళాయిలకు రాగా, ఆ 250 టన్నులు చిక్కని చేదునీటిలో చేరి మఱల సముద్రమునకే పోవును. ఇది యొక్క దినపు లెక్క.

అట్లయిన యెడల రేపే ఒక కర్మాగారమును కట్టవచ్చును గదా యని మీరడుగవచ్చును. అంత సులభము కాదు. లోహమును విడదీయుటకు మిక్కిలి విద్యుచ్ఛక్తి కావలెను. డోలమైటు అను రాతిని కాల్చి లోహమును తీయు పద్ధతి చౌకగా నుండుటచే, నేడు ప్రపంచమునకు కావలసిన మెగ్నీషియములో అధికభాగము చైనా దేశమునుండియే వచ్చుచున్నది. అంతేకాక, కర్మాగారమును ఎచ్చట కట్టవలెనన్నది పెద్ద ప్రశ్న. 2023వ సంవత్సరము డిసెంబరు మాసమున మిచౌంగ్ తుఫాను వరదలలో ఎన్నూరు కయ్యలోనికి నూనెతెట్టు పాఱి, మత్స్యకారుల పడవలును వలలును నల్లబడిన దృశ్యము మనము మఱచిపోలేదు. చేదునీటినుండి లోహమును తీయువారు, తమ కర్మాగారపు మురికిని పేదవాని కయ్యలోనికి విడిచినచో, ఒక చేదును తీసి మఱొక చేదును పోసినవారగుదురు. క్లోరిన్‌ను మఱల వాడుకొనినట్లు, ప్రతి మిగులును వాడుకొనుట నేర్చిన కర్మాగారమే మనకు కావలెను.

డౌ మహాశయుని జీవితమున మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఇదియే. ఆయన ఒకే నీటిని నలువది సంవత్సరములు చూచెను. ఇతరులు పని ముగిసినదని లేచిపోయిన చోట, ఇంకేమి మిగిలినదని ఆయన కూర్చుండి చూచెను. ఉప్పు తీసిన నీటిలో బ్రోమిన్, బ్రోమిన్ తీసిన నీటిలో క్లోరిన్, అవి తీసిన నీటిలో మెగ్నీషియం. సంస్థ పోయినపుడును ఆయన చూచినది మిగిలినదానినే: ధనము పోయినది, విద్య మిగిలినది, పదవి పోయినది, లెక్క మిగిలినది.

మన బడిలో తెలుగు చదువు పిల్లల సంఖ్య పెద్దది కాదు. కొన్ని తరగతులలో నాలుగు బల్లలు నిండుట లేదు. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొంది ఈ నగరమునకు వచ్చిన క్రొత్తలో, ఈ మిగిలిన కొలదిమందికి ఏమి చెప్పగలమని ఒకింత దిగులుపడిన మాట వాస్తవము. నేడు ఆ దిగులు లేదు. చేదునీటిని రుచి చూచి, మఱునాడు ప్రశ్నతో తిరిగి వచ్చిన బాలుడు ఈ బల్లలమీదనే కూర్చుండెను. అతడు ఇపుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. రసాయనశాస్త్రపు గంట మ్రోగగానే మా తెలుగు తరగతినుండి పరుగెత్తిపోవుచున్నాడు. అందులకు మాకు కోపము రాదు.

విద్యార్థులారా! మఱల ఎపుడైన ఉప్పుమడుల త్రోవన పోవునపుడు ఒక్క నిమిషము నిలిచి, ఆ కాలువలోనికి పోవు నీటిని చూడుడు. మీకు సకల శుభములు కలుగుగాక!